వేట లేని నాటి మనిషి

హార్బరులో బతికేవాళ్లకి పన్ను పీకించుకోవాలన్నా, కంటి పొర తీయించుకోవాలన్నా, కూతురి పెళ్లి చెయ్యాలన్నా వేసవిలోనే కుదురుతుంది. చేపలు గుడ్లు పెట్టే కాలమని ప్రభుత్వం ఏటా ఎండల్లో కొన్నాళ్లు వేట మూసేస్తుంది. బోట్లన్నీ జెట్టీకి కట్టేసి ఉంటాయి. మిగతా ఏడాదంతా జ్వరమొచ్చినా బిళ్ల మింగి పరిగెత్తే మనుషులం, మాకూ ఒక ఒళ్లుందని ఆ నిషేధం రోజుల్లోనే గుర్తు తెచ్చుకుంటాం. నా పిచ్చికి వైద్యం కూడా అప్పుడే జరిగింది. వచ్చిన చిక్కల్లా అక్కడే వచ్చింది.

పిచ్చి అని నేను అనొచ్చు, మీరు అనకూడదు. డాక్టర్లు బైపోలార్ అన్నారు. మా వీధివాళ్లు గాలి సోకిందన్నారు. నా పేరు నూకరత్నం. విశాఖపట్నం ఫిషింగ్ హార్బరులో వేలం పాడేదాన్ని. బోటు ఆగగానే చేపలు గుట్టలుగా పోస్తారు. ఐసు కరిగేలోగా సరుకు కదలాలి. అందుకని గుట్ట ముందు నిలబడి ఊపిరి తీసుకోకుండా మాట్లాడాలి. కొనేవాణ్ణి పొగడాలి, అంతలోనే తిట్టాలి, వెనక్కి తగ్గితే వాడి మీసం మీద నాలుగు మాటలు వెయ్యాలి. ఈ విద్య మా అమ్మ దగ్గర నేర్చుకున్నాను. అమ్మ ముసలిదయ్యాక జెట్టీలో ఆమె నిలబడే చోటే నేను నిలబడ్డాను. బోట్లు నడిపే పెద్ద పెద్ద సరంగులు కూడా, "రత్నం వొచ్చినాదా? అయితే మన కోనాం సేపలు ముందు దించండ్రా" అనేవారు. అంత నోరు నాది.

పిల్ల పుట్టాక జబ్బు పైకి తేలింది. నోటి జోరు ఎక్కడ ఆగుతుందో, జబ్బు ఎక్కడ మొదలవుతుందో మొదట్లో ఎవరికీ అంతు చిక్కలేదు. నిద్ర అక్కర్లేదనిపించేది. ఆకలి వేసేది కాదు. ఒకరోజు పట్టపగలు జెట్టీ మీద నిలబడి, చేపలు అయిపోయాయని, కట్టి ఉన్న ఊరివాళ్ల బోట్లు వేలం వేశాను. జనం పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను. ఆ మర్నాడే నా కూతురు జాహ్నవిని తెప్పలో కూర్చోబెట్టుకుని ఒక్కదాన్నే సముద్రంలోకి వెళ్లిపోయాను. దానికప్పటికి బడి ఈడు కూడా రాలేదు. నా మాటకి అలలు ఆగుతాయని ఆ రోజు నాకు గట్టి నమ్మకం. మా ఆయన ఎల్లాజీ బోటు వేసుకుని వచ్చి పట్టుకునేసరికి తెప్పలోకి సగం నీళ్లొచ్చాయి. అతను నన్ను కొట్టలేదు, తిట్టలేదు. పిల్లని గుండెకి అదుముకుని వెక్కివెక్కి ఏడ్చాడు.

ఆ తర్వాత పడిపోయాను. గోడవైపు తిరిగి పడుకుంటే ఇటు తిరగాలనిపించేది కాదు. మా అమ్మే వచ్చి కూర్చుని, గంజి చల్లార్చి, చెంచాతో తాగించేది. మాత్రలు మేలు చేశాయి. చేతులు వణికేవి, నోరెండిపోయేది, అయినా మేలు చేశాయి. కాస్త తేరుకోగానే "ఇంకెందుకులే" అని మానేసేదాన్ని. మళ్లీ మొదటికొచ్చేది. ఇదీ వరస.

కొండమీది పరిశోధన కేంద్రంలో డాక్టర్ మృణాళిని గారు అప్పుడే ఒక పూస తయారు చేశారు. పెసరగింజంత ఉంటుంది. చెవి వెనక చర్మం కింద పెడతారు.

"ఇది నీ గొంతు వింటుంది రత్నం, నీ గుండె, నీ నిద్ర కూడా చూస్తుంది" అని చెప్పారావిడ. "మొదట కొన్ని వారాలు ఊరికే విని నీ మామూలు ఏమిటో నేర్చుకుంటుంది. ఆ తర్వాత నువ్వు ఆ మామూలు దాటి పైకి పోతుంటే కిందికి దించుతుంది. జారిపోతుంటే లేపుతుంది."

"ఎలగ దించుతాదమ్మా?"

"అక్కడో నరం ఉంది. దానికి సన్నగా కరెంటు తగులుతుంది. నీకు తెలియను కూడా తెలియదు."

"మరెప్పుడు రమ్మంటారు?"

"వేట నిషేధం మొదలైతే రండి. మీ పని పాడవదు."

ఎంత మంచి మనసో చూడండి. నాలాంటివాళ్లు హార్బరులో ఇంకొందరున్నారు. అందర్నీ ఆ రోజుల్లోనే పిలిచారు. మేమూ ఎగేసుకుని వెళ్లాం. మాకైనా, ఆవిడకైనా, పక్కనున్న మా ఆయనకైనా అందులో తప్పేముందో తోచలేదు. నిషేధం రోజుల్లో హార్బరు ఎలా ఉంటుందో మాకు తెలుసు. మగవాళ్లు నీడపట్టున వలలు బాగుచేసుకుంటూ గంటకో మాట మాట్లాడతారు. ఆడవాళ్లు గుమ్మాల్లో తలలు చూసుకుంటూ కూర్చుంటారు. గట్టిగా అరవడానికి కారణం ఉండదు. నేను వేళకి మాత్ర వేసుకుని, వేళకి నిద్రపోయి, ఇంట్లోవాళ్లు గర్వపడేంత బుద్ధిగా ఉన్నాను. పూస అదంతా విన్నది. రత్నం అంటే ఇదేనని నేర్చుకున్నది.

నిషేధం ముగిశాక మొదటి బోట్లు వచ్చాయి. పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయలు కొట్టి, జెట్టీ అంతా అరుపులు. చందువ గుట్ట ముందు నిలబడి పాట అందుకున్నాను. రెండు మాటలు వచ్చాయి. మూడోది వచ్చేలోగా లోపల ఎవరో భుజం మీద చెయ్యేసి "పోనీలే" అన్నట్టయింది. నొప్పి లేదు, బెదురు లేదు. పోనీలే, అంతే. కొనేవాడు సగం ధరకి అడిగాడు. నేను సరేనన్నాను. పడవ యజమాని నెత్తి పట్టుకున్నాడు. కొన్నాళ్లకి నా చోట మా పక్కింటి పోలమ్మ పాడటం మొదలుపెట్టింది. నేను షెడ్డులో రొయ్యల తలలు తీసే పనికి కుదిరాను.

ఆ పూస చెడ్డదని మాత్రం నేను అనను. గోడవైపు తిరిగి పడుకున్న రోజు మళ్లీ రాలేదు. జాహ్నవి జడలేసుకుని బడికి వెళ్లింది, తర్వాత కాలేజీకి వెళ్లింది. ఎల్లాజీ వేటకి పోయి కూడా గుండె మీద చెయ్యేసుకుని నిద్రపోయాడు. కేంద్రానికి పెద్దవాళ్లెవరొచ్చినా మృణాళిని గారు నన్నే పిలిపించి, "మన రత్నం" అని చూపించేవారు. నేను చేతులు కట్టుకుని నవ్వేదాన్ని. దిగులేమీ లేదు. దిగులు లేదన్న సంగతి కూడా నాకు పట్టలేదు.

పట్టింది ఒక్క మా అమ్మకే. ఆఖరి రోజుల్లో మంచం పట్టింది. ఈసారి గంజి నేను తాగించాను. ఒకసారి నా మొహంలోకి చాలాసేపు చూసి, "నువ్వు మంచిదానివేనే. నా కూతుర్ని కూడా ఓపాలి పిలు" అంది.

"నానేనమ్మా నీ కూతుర్ని."

"కాదులే" అంది మెల్లగా, నన్ను నొప్పించకూడదన్నట్టు.

అమ్మ పోయినప్పుడు నాకు ఏడుపు రాలేదు. ఆడవాళ్లంతా శవం చుట్టూ కూర్చుని శోకాలు పెడుతుంటే, వచ్చినవాళ్లకి టీ సరిపోతుందో లేదో చూసుకుంటూ తిరిగాను. "రత్నానికి ఎంత నిబ్బరం వొచ్చీసినాదో!" అని వీధివాళ్లు మెచ్చుకున్నారు. ఒకప్పుడు పిచ్చిది అన్న నోళ్లే అవి.

తర్వాతి సీజన్లో మృణాళిని గారు ఉన్నట్టుండి హార్బరుకొచ్చారు. అన్నేళ్లలో ఆవిడ అక్కడికి రావడం అదే మొదలు. చేపలు తినరు, వాసన పడదు. ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని వచ్చి నన్ను షెడ్డులోంచి పిలిచారు. కేంద్రంలో అందరి పూసల పనీ వరసగా చూస్తుంటే ఒక సంగతి కనిపించిందట. హార్బరు బయట ఊళ్లో పెట్టించుకున్నవాళ్ల పూసలు ఎప్పుడో ఒకసారి పనిచేసి ఊరుకుంటున్నాయట. హార్బరువాళ్ల పూసలు మాత్రం ఏడాది పొడుగునా తెరిపి లేకుండా పనిచేసి, వేసవిలో చల్లబడుతున్నాయట. ఎందుకో కళ్లతో చూద్దామని వచ్చారు.

ఆవిడ సంచిలో అరచెయ్యంత యంత్రం ఉంది. ఏ గొంతైనా వినిపిస్తే, అది పూస దృష్టిలో మామూలో కాదో చెబుతుంది. మామూలైతే పచ్చగా, శ్రుతి మించితే ఎర్రగా వెలుగుతుంది. జెట్టీ మీద పోలమ్మ కోనాం గుట్ట ముందు నిలబడి ఎవర్నో ఉతికి ఆరేస్తోంది. డాక్టరమ్మ యంత్రం అటు తిప్పారు. ఎర్రదీపం. ఇంకో వేలానికి తిప్పారు. ఎర్రదీపం. ఐసు మోసేవాళ్ల వైపు, టీ అమ్మేవాడి వైపు, తట్ట దగ్గర తగువాడుకుంటున్న అత్తాకోడళ్ల వైపు తిప్పారు. ఎక్కడా పచ్చదీపం వెలగలేదు.

"వీళ్లెవరికీ జబ్బు లేదు కదా రత్నం?"

"నేదమ్మా. యాపారం సేసుకుంతన్నారు."

ఆవిడ బోర్లించిన ప్లాస్టిక్ ట్రే మీద, చేపల నీళ్లలోనే, చీర తడుస్తున్నా చూసుకోకుండా కూర్చుండిపోయారు. ముక్కు మీద కొంగు ఎప్పుడో జారిపోయింది.

"నీ మామూలు ఏమిటో నేర్పడానికి నిన్ను వేట లేని రోజుల్లో పిలిచాను. ఇన్నేళ్లుగా నీ జబ్బుతో పాటు నిన్ను కూడా దించేశాను."

"మేమూ అప్పుడే వొచ్చేం కదమ్మా" అన్నాను. ఓదార్చాలని కాదు. జరిగింది అదే కాబట్టి అన్నాను.

ఆ సాయంత్రం ఆవిడ మా ఇంటికొచ్చి ఎల్లాజీకీ జాహ్నవికీ అంతా చెప్పారు. పూసకి కొత్తగా నేర్పించొచ్చు. అయితే అది నేర్చుకునే సీజనంతా వినడమే తప్ప ఆపదు. నాకు మాత్రలే దిక్కు.

ఎల్లాజీ ఒప్పుకోలేదు. "ఆ పూస జోలికెల్లొద్దమ్మా. అది నేని రోజుల్లో నాను పడ్డ పాట్లు మీకేటి తెలుసు? నాకీ రత్నం సాలు."

"నీకేం కావాలి రత్నం?" అని అడిగారు డాక్టరమ్మ.

"నాకేటీ కావాలని లేదమ్మా" అన్నాను.

ఆవిడ మొహం పాలిపోయింది. ఏదైనా కావాలనిపించాలంటే ముందు పూస ఒప్పుకోవాలి కదా. దాన్ని పెట్టుకుని నేను అవునన్నా నమ్మడానికి లేదు, కాదన్నా నమ్మడానికి లేదు. ఒక్క పూట పూసని ఆపి అప్పుడు అడుగుతానన్నారు. మర్నాడు పొద్దున్నే కేంద్రంలో ఆపారు. ముగ్గురూ నా ఎదురుగా కూర్చుని ఎదురుచూశారు. చాలాసేపటి వరకూ ఏమీ లేదు. తర్వాత కోపం వచ్చింది. ఎవరిమీదో తెలియదు. అన్నేళ్లకి వచ్చిన కోపం, ఎక్కడ పెట్టుకోవాలో తెలియక బల్ల అంచు పట్టుకుని కూర్చున్నాను. వెనకే భయమూ వచ్చింది. తెప్పలోకి వచ్చిన నీళ్లు గుర్తొచ్చాయి. ఎల్లాజీ కన్నా నాకే ఎక్కువ భయం.

"నేర్పించండమ్మా" అన్నాను. "మాత్రలు మాత్రం మానను. నా నిద్ర ఈ గుంట జాహ్నవి సూసుకుంతాది. నాను పడుకోకపోతే నన్నడక్కండి, పూస పనిసేయించీయండి."

"నాన్నా, నేను అమ్మ పక్కనే పడుకుంటాను" అంది జాహ్నవి. ఎల్లాజీ ఎవరి మొహమూ చూడకుండా తల ఊపాడు.

అలా ఆ సీజనంతా పూస వింటూ కూర్చుంది. నేను జెట్టీకి తిరిగి వెళ్లాను. పోలమ్మ తన చోటు ఇవ్వలేదు, ఇవ్వమని నేనూ అడగలేదు. చిన్న చేపల గుట్టలు, పెద్ద బేరగాళ్లు ముట్టుకోనివి, నాకొదిలింది. గొంతు బొంగురుపోయింది. పాతికేళ్ల కుర్రాళ్లు "పెద్దమ్మా, జోరు పెంచు" అని ఎగతాళి చేశారు. నెమ్మది మీద కొన్ని తిట్లు గుర్తొచ్చాయి. ఒకడి మీసం మీద వేసిన మాటకి జెట్టీ అంతా నవ్వితే, ఇంటికెళ్లి ఆ మాట ఎల్లాజీకి చెప్పాను. అతనూ నవ్వాడు. నవ్వుతూనే నా కళ్లలోకి వెతుక్కుంటున్నట్టు చూశాడు. నేనెంత నవ్వినా అతనలాగే చూస్తాడని నాకు అర్థమైంది. దానికి మందు లేదు.

ఒకరోజు పాట మధ్యలో నాకే తెలిసింది. గుట్ట అమ్ముడుపోయింది, నేను మాత్రం ఆగలేదు. పక్క గుట్ట, దాని పక్క గుట్ట, నావి కానివి కూడా పాడేస్తున్నాను. కాళ్ల కింద నేల తేలికైపోయింది. అది ఎంత బాగుంటుందో జబ్బు లేనివాళ్లకి చెప్పినా తెలియదు. నోరు మూసుకుని, "పోలమ్మా, మిగిలింది నువ్వు పాడీ" అని ఇంటికెళ్లి, డాక్టరమ్మకి ఫోన్ చేసి, చెప్పిన మాత్ర వేసుకుని పడుకున్నాను. మర్నాడు జెట్టీకి వెళ్లలేదు. ఆ మర్నాడు వెళ్లాను. బాగుపడటం అంటే మళ్లీ జబ్బు రాకపోవడమని అనుకునేదాన్ని. ఇదీ బాగుపడటమేనని డాక్టరమ్మ అన్నారు. నాకూ అలాగే అనిపించింది.

సీజను మధ్యలో ఒక పొద్దున్న నెత్తళ్లు తెగ పడ్డాయి. వేలం బాగా సాగింది. ఆఖర్న రెండు గుప్పెళ్లు సంచిలో వేసుకుని, ఎవరితోనో ఇంకా బేరమాడుతున్నట్టే గొణుక్కుంటూ, ఐసు ఫ్యాక్టరీ దాటి, సందు తిరిగి, గుమ్మం ముందు నిలబడి కేకేశాను.

"అమా! నెత్తల్లు తెచ్చేను. తలకాయలు తీసి ఉంచు, ఎండెక్కితే పాడైపోతాయి!"

లోపల్నుంచి ఎవరో కొత్త అమ్మాయి చంటిపిల్లని ఎత్తుకుని వచ్చింది. "ఎవరు కావాలండీ?" అని అడిగింది. అమ్మ ఉండే ఆ ఇంట్లో ఇప్పుడు వాళ్లు అద్దెకుంటున్నారు.

నేను మెట్టు మీద కూలబడిపోయాను. చేపలు దుమ్ములో పడ్డాయి. కడుపులోంచి ఒక అరుపు వచ్చింది. అది నాదేనని నాకు మొదట తెలియలేదు. వీధంతా మూగింది. "తిరగబెట్టీసినాది! ఎల్లాజీకి కబురెట్టండ్రా!" అని ఎవరో అరిచారు. ఎల్లాజీ వల పారేసి పరిగెత్తుకుంటూ వచ్చాడు. సముద్రంలో నన్ను పట్టుకున్న రోజున ఉన్న మొహమే పెట్టుకుని వచ్చాడు.

"ఏటే, ఏటైనాదే రత్నం?"

"మా అమ్మ సచ్చిపోనాదయ్యా!"

"ఎప్పుడో పోనాది కదే..."

"నాకు తెల్దయ్యా. ఎవులూ సెప్పనేదు నాకు!"

చెప్పకపోవడమేమిటి, పాడె పక్కన నేనే నడిచాను. నా చేత్తోనే ఆమె ముక్కుపుడక తీశాను. అయినా ఆ క్షణంలో అంతకన్నా నిజం నా దగ్గర లేదు. "నా కూతుర్ని ఓపాలి పిలు" అని అమ్మ అడిగింది. ఆ కూతురు ఇప్పుడొచ్చింది. వినడానికి అమ్మ లేదు. ఆ రోజులు ఏ డాక్టరమ్మా తిరిగి ఇవ్వలేదు, ఏ పూసా నేర్చుకుని ఇవ్వలేదు.

జనంలోంచి పోలమ్మ వచ్చింది. జెట్టీ నుంచి అలాగే వచ్చినట్టుంది, చేతులకి ఇంకా పొలుసులున్నాయి. నా పక్కన కూర్చుని, మెడ చుట్టూ చెయ్యేసి, నా తలని తన తలకి ఆనించుకుంది. ఎవర్నీ ఏమీ అడగలేదు. గొంతెత్తి శోకం అందుకుంది.

"గంజి తాగించి బతికించినావే అమ్మా... గట్టున నిలబడ నేరిపినావే అమ్మా..."

ఒక ముసలామె వచ్చి కూర్చుంది. ఇంకో ఇద్దరు కొంగులు బిగించి కూర్చున్నారు. అద్దెకున్న అమ్మాయి గుమ్మంలోనే ఉండిపోయి, ఎవరు పోయారో తెలియకుండానే కళ్లు తుడుచుకుంది. శవం లేని చోట ఆడవాళ్లంతా శోకాలు పెడుతుంటే దారిన పోయేవాళ్లు ఆగి చూశారు.

ఎల్లాజీ జేబులో ఫోన్ మోగింది. మృణాళిని గారు. ఆ గోలలో వినపడక స్పీకర్ నొక్కాడు.

"ఎల్లాజీ గారూ, రత్నానికి ఏమైంది? ఇక్కడ నాకు అంతా ఎర్రగా కనిపిస్తోంది. పూసని పని మొదలుపెట్టమంటారా? మీరు ఊఁ అంటే ఈ క్షణంలో ఆగిపోతుంది."

నేను తలెత్తి అతన్ని చూశాను. తెప్పలోంచి పిల్లని లాక్కున్న చేతులవి. వాటిలోనే ఇప్పుడు ఫోన్ ఉంది. అతను నన్ను చూశాడు, నా చుట్టూ కూర్చున్న ఆడవాళ్లని చూశాడు.

"వొద్దమ్మా" అన్నాడు. "పూసని ఇననీయండి. మా అత్త సచ్చిపోనాది."

"అయ్యో! ఎప్పుడండీ?"

ఎల్లాజీ నా ముందు నేల మీద కూర్చున్నాడు.

"ఇయాలేనమ్మా" అన్నాడు.